సెలవు రోజు అతను ఎక్కడికి పోతున్నాడు

ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని పోయిన మనిషి దారపు నుసి పట్టిన చొక్కాతో తిరిగొచ్చాడు. అదీ పవర్ హాలిడే మరునాడు పొద్దున. సూరత్ శివారు భేస్తాన్‌లో మా తెలుగువాళ్ల వీధి ఆడవాళ్లకు అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

పవర్ హాలిడే అంటే మరమగ్గాలకు వారానికోసారి కరెంటు ఆపే రోజు. ఒక్కో ప్రాంతానికి వారంలో ఒక్కో రోజు. పొద్దున షిఫ్టు మారే వేళకు ఆగిన మగ్గాలు మరునాడు అదే వేళకు తిరుగుతాయి. మిగతా రోజుల్లో రాత్రీ పగలూ ఆ మోత ఆగదు. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారమంతా చెవులు మూసుకుని తిరుగుతారు, తర్వాత మరిచిపోతారు. సెలవు రోజున మగవాళ్లంతా చేసే పని ఒకటే, ఒళ్లు తెలియకుండా నిద్రపోవడం. అందుకే వీధిలో ఒక మాట వాడుకలో ఉంది: "సెలవు దినం ఇంట్ల పండని మొగోనికి ఇంకో ఇల్లున్నట్టే."

మా ఇంటావిడ ఇక్కడ చిన్న కర్రీ పాయింట్ నడుపుతుంది. అక్కడ పొద్దున జొన్నరొట్టెలు కొట్టడానికి వచ్చే ఒకామె భర్త సంగతే ఇది. ఆమె నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. ఆ రోజు ఆమె చొక్కాను సంచిలో పెట్టి తెచ్చింది, దొంగ సొత్తు తెచ్చినట్టు.

"చూడు వదినా. పోయేటప్పుడు తెల్లగ పోయిండు. వచ్చేటప్పుడు దూది బొంత లెక్క వచ్చిండు."

"ఇంకో ఖాతాల బదిలీ పని చేస్తున్నడేమోనే," అంది మా ఆవిడ. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు, రానివాడి బదులు చేసే పనిని బదిలీ అంటారు.

"చేస్తే పైసలేవి? ఎవరికి పెడుతున్నడు?"

పిండి ముద్ద పీట మీద పడింది. ఆమె కోపంగా ఉన్నప్పుడు రొట్టెలు పల్చగా వస్తాయి. ఆ రోజు కాగితాల్లా వచ్చాయి.

"ఇంకోటి చెప్పాల్నా? రాత్రి తలుపు గొళ్లెం పెట్టనియ్యడు. జరంత తెరిచే ఉంచుమంటడు. ఎవరొస్తరని?"

మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఊరందరి సంగతులు పేపర్ల రాసినవు గద. గీ ఒక్క సంగతి కనుక్కో."

చెల్లె తన నిర్ణయం అప్పటికే తీసుకుని ఉంది. వచ్చే వారం సెలవు అయ్యాక ఆ పై వారం సెలవు సాయంత్రం బండికి తనకూ బిడ్డకూ టికెట్లు తీయించింది. ఈలోగా ఇంకో ఇల్లు లేదని తేలితే సరి. "ఉన్నదని తెలిస్తే మాత్రం రైలెక్కుత అన్నా. మల్ల సూరత్ మొఖం చూడ. పోరి బడి పోతే పోనీ."

అతను నాకు బాగానే తెలుసు. నెమ్మదస్తుడు, హాస్యమాడతాడు. అంతకు ఏడాది ముందు అతను పనిచేసే ఖాతాలో నూలు గోదాము అంటుకుంది. అతణ్ణి సూరత్‌కు తీసుకొచ్చిన సొంతూరి మనిషి ఆ మంటల్లోనే పోయాడు. ఇతనికి గీత కూడా పడలేదు. నేను పనిచేసిన దినపత్రికల్లో అగ్నిప్రమాదం వార్తకు మూడు గడులుండేవి: మృతులు, క్షతగాత్రులు, సురక్షితంగా బయటపడినవారు. మూడో గడిలో ఎవరి పేరూ రాయరు. అతను ఆ మూడో గడి మనిషి. నెల తిరక్కముందే ఇంకో ఖాతాలో పనికి కుదిరాడు. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

కాబట్టి చెల్లె మాట విన్నప్పుడు నాకు ఆ ప్రమాదం గుర్తుకు రాలేదు. నాకూ ఇంకో ఇల్లే తట్టింది. ఎన్నో ఏళ్లు మనుషులు చెప్పిన మాటల్లో చెప్పనివి వెతుక్కుంటూ బతికినవాణ్ణి. ఒక మగవాడు వారానికో రాత్రి మాయమైతే, ఒక చెయ్యి మనకు చూపిస్తూ ఇంకో చెయ్యి వెనక దాచుకున్నాడనే అనుకుంటాను.

సెలవు రోజు పొద్దున అతను షేర్ ఆటో ఎక్కాడు. నేను వెనకాల ఇంకో ఆటోలో పోయాను. పల్సానా వైపు, రోడ్డు పక్కన ఖాతాలు వరసగా మొదలయ్యే చోట దిగాడు. అటువైపు వాళ్ల సెలవు వేరే రోజు. మోత రోడ్డు దాకా వినిపిస్తోంది. అతను లోపలికి పోలేదు. ఒక షెడ్డు ముందున్న చాయ్ బండి దగ్గర ఆగాడు. బండి నడిపే ఆడమనిషి అతణ్ణి చూసి, అతను నోరు తెరవకముందే బండి కింద నుంచి చుట్టిన చాప తీసి ఇచ్చింది.

అది చూశాక నా పని అయిపోయిందనుకున్నాను. అడగకుండానే చాప అందించే ఆడమనిషి. చెల్లెకు ఈ మాట ఎలా చెప్పాలి అన్నదే మిగిలింది. అతను చాప చంకలో పెట్టుకుని షెడ్డు వెనక్కి పోయాడు. నేను పోయి చాయ్ అడిగాను. ఆమె నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"పోలీస్ ఛో?" అంది గుజరాతీలో.

కాదన్నాను.

"తో వీమావాలా?" ఈసారి ఇన్సూరెన్సు వాడినన్న అనుమానం.

అదీ కాదన్నాను. గ్లాసు నా ముందు ఠప్పుమని పెట్టింది. "వో సోనే ఆతా హై, భాయ్. దీవార్ కే పాస్ సోతా హై, చలా జాతా హై. కిసీ కా క్యా జాతా హై?" గోడ దగ్గర పడుకుని పోతాడు, ఎవడి సొమ్మేం పోయిందని.

చాయ్ తాగి షెడ్డు వెనక్కి పోయాను. గోడకు వీపు ఆనించి, రేకు చూరు కింద, చాప మీద అతను పడి ఉన్నాడు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాను లోపలి నుసినంతా అతని మీదికి చిమ్ముతోంది. తెల్ల చొక్కా అప్పటికే బూజు పట్టినట్టయింది. నేను గోడ మీద చెయ్యి పెట్టాను. అరచేయి జివ్వుమంది. అటువైపు మగ్గాలు విరగబడి కొట్టుకుంటున్నాయి, ఇటువైపు ఈ మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

నుసి సంగతి తేలింది. నా అనుమానం మాత్రం పోలేదు, దిశ మార్చుకుంది. ఇంట్లో మంచం ఉండగా ఇంత దూరం వచ్చి గోడ పక్కన పడుకునేవాడు దేన్నుంచో తప్పించుకుంటున్నాడు. పనినుంచా, సంసారం నుంచా? లేక ఎవరైనా వెంటపడతారని తెలిసి ఆడుతున్న ఆటా? ఆ చాయ్ బండామె రాత్రి ఎక్కడ పడుకుంటుందో నాకు తెలియదు. మధ్యాహ్నం అతను లేచేదాకా అక్కడే కూచున్నాను.

నన్ను చూసి ముందు ఉలిక్కిపడ్డాడు, తర్వాత నవ్వాడు.

"నువ్వేందన్నా ఇక్కడ? పేపర్ల ఏస్తవా ఏంది, గోడకు పండిన కార్మికుడు అని?"

"మీ ఇంటామె పంపింది."

నవ్వు ఆగింది. "ఏమన్నది?"

"ఇంకో ఇల్లున్నదన్నది."

చాప వైపు చూశాడు. "ఉన్నది గద. గిదే. చూసినవు గద."

"గిక్కడెందుకు పండాలె తమ్మీ?"

"సప్పుడు లేకుంటే నిద్ర రాదన్నా. లూంలల్ల పనిచేసెటోనికి ఎవనికైనా గంతే."

"మీ పక్క రూమోళ్లందరు ఇయ్యాల ఇంట్ల పన్నరు. నేను చూసే వచ్చిన."

రాత్రికి మళ్లీ పరవాల్సిన చాపే అయినా అతను చుట్టడం మొదలుపెట్టాడు. చాలా జాగ్రత్తగా, అంచులు కలిసేలా చుట్టాడు. "నాకు రాదు," అన్నాడు.

చూసింది చూసినట్టు చెల్లెకు చెప్పాను. ఆమె చేతులు ఆపలేదు.

"గోడకు ఆనుకొని పండెటందుకు పల్సానా దాక పోతడా? అన్నా, నిన్ను గూడ మలుపుకున్నడు." ఇంకో రొట్టె పెనం మీద పడింది. "ఆ చాయ్ ఆమెకు వయసెంత?"

"నీ ఈడుది ఉంటది."

"గిది ముందు చెప్పలే, చూసినవా!"

మనసు డాక్టరుకు చూపిద్దామన్న ఆలోచన మా ఆవిడది. ఆంధ్ర వైపు నుంచి వచ్చిన ఒక చిన్న వయసు డాక్టరమ్మ మా దగ్గర రొట్టెలు తెప్పించుకుంటుంది. పర్వత్ పాటియాలో ఆమె క్లినిక్. అతను ఒకంతట ఒప్పుకోలేదు.

"నేను పిచ్చోన్నా?"

"పిచ్చో ఎచ్చులో డాక్టరమ్మే చెప్తది, నడువ్," అంది చెల్లె.

నాకూ ఆ డాక్టరు మీద పెద్ద నమ్మకం లేదు. ఈ కాలంలో ప్రతి దిగులుకూ ఒక పేరు, ప్రతి పేరుకూ ఒక మాత్ర. అయినా టికెట్ల రోజు దగ్గరపడుతోంది. చెల్లె పెట్టె సగం సర్దేసింది. అంతకుమించి చేయగలిగింది లేక వాళ్లతో కూడా పోయాను.

డాక్టరమ్మ ముందు మమ్మల్ని బయట కూచోబెట్టి అతనితో ఒంటరిగా మాట్లాడింది. చాలాసేపటికి, అతను సరేనన్నాక, లోపలికి పిలిచింది.

"ప్రాణం మీదికి వచ్చిన సంఘటన తర్వాత కొందరి మనసుకు పట్టే జబ్బు ఒకటుందండి. ఈయనకి అది పూర్తి స్థాయిలో లేదు," అంది. "దాని లక్షణాలు గుంపులుగా ఉంటాయి. జరిగింది మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు రావడం ఒకటి. దాన్ని గుర్తు చేసేవాటి నుంచి తప్పించుకు తిరగడం ఒకటి. మనసు ముడుచుకుపోయి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండడం మిగతావి. ఒక్కో గుంపులోనూ ఇన్ని ఉండాలని లెక్క. ఈయనకి కొన్నిట్లో ఉన్నాయి, కొన్నిట్లో చాలవు. పీడకలలు లేవు. పెద్ద చప్పుడుకు బెదురుతారా అంటే నవ్వారు."

"లూంలల్ల పనిచేసెటోన్ని మేడం, సప్పుడుకు బెదురుతనా!" అన్నాడు అతను.

చెల్లె ముందుకు జరిగింది. "గంటే జబ్బు లేదన్నట్టే గద?"

"అలా అనలేదండి. పాక్షికంగా ఉందంటాం."

"సగం జబ్బేంది మేడం? సగం కడుపుంటదా ఎక్కడన్న?"

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. చెల్లె ముఖం చూస్తున్నాను. పూర్తి జబ్బని ఉంటే ఆమె ఏడ్చి ఊరుకునేది. ఏ జబ్బూ లేదని ఉంటే రైలెక్కేది. ఈ సగం మాట ఆమె అనుమానానికి ఇంకో ఆకు వేసింది. నేనే అడిగాను, కొంచెం కటువుగానే.

"కొన్ని లక్షణాలకు కూడా పేరు పెట్టుకుంటూ పోతే ఈ ఊళ్లో ఆరోగ్యంగా మిగిలేదెవరమ్మా?"

"మీ అనుమానం సరైనదే సార్. చెడ్డది చూసి నాలుగు రోజులు నిద్రపట్టని ప్రతి మనిషినీ రోగి అనను. లెక్కకు ఎన్ని తగ్గాయని మాత్రమే చూస్తే ఈయన్ని ఇంటికి పంపెయ్యాలి. ఉన్న ఆ కొన్నీ ఈయన బతుకును ఏం చేస్తున్నాయో కూడా చూడాలి కదండీ? పనికి పోతున్నారు, నవ్వుతున్నారు. కానీ ఏడాదిగా వారానికో రాత్రి సొంత ఇంట్లో ఉండలేకపోతున్నారు. ఇంటావిడ రైలెక్కబోతోంది. ఇంకేం కావాలి?"

ఆమె చెల్లె వైపు తిరిగింది. "పూర్తి జబ్బున్నవాళ్లని ఎవరో ఒకరు నా దగ్గరికి పట్టుకొస్తారమ్మా. ఇలాంటివాళ్లు రారు. వీళ్లని తాగుబోతులంటారు, సోమరులంటారు, ఇంకో ఇల్లుందంటారు. కొందరికి దానంతటదే తగ్గుతుంది. కొందరికి పెరిగి పూర్తిదవుతుంది. ఎవరికి ఏదో నేను ముందే చెప్పలేను."

చెప్పలేనన్న ఆ మాటతో ఆమె మీద నాకు కొంచెం నమ్మకం కుదిరింది.

"మంటలు లేచిన రోజు జరిగింది మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగింది అతణ్ణి.

అతను నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు. "కరెంటు పోయింది. లూంలన్ని ఒక్కపారే ఆగినయ్. గప్పుడు ఇనబడ్డది."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నడుస్తున్న ఖాతాలో మాటలుండవు. ఒకడి నోరు ఇంకొకడి చెవిలో పెట్టినా వినపడదు. చేతి సైగలతోనే అన్నీ. దారం తెగింది, బాబిన్ అయిపోయింది, చాయ్‌కి పోదాం, మేస్త్రీ వస్తున్నాడు, అన్నిటికీ సైగ ఉంటుంది. మేస్త్రీని తిట్టడానికి వేరే సైగ. ఏళ్ల తరబడి పక్కపక్కన పనిచేసినవాళ్లు కూడా ఖాతా లోపల ఒకరి గొంతు ఒకరు వినరు.

"మా ఊరాయన గొంతు ఖాతాల నేను ఎన్నడు ఇనలే," అన్నాడు. "గా దినమే ఇన్న. గోదాం దిక్కు షట్టర్ కాడ ఉండె. నూలు దొంగతనం అయితదని షట్టర్‌కు బయటికెల్లి తాళం ఏస్తుండె సేటు. నన్ను పేరు పెట్టి పిలిచిండు. నేను ఇటు దిక్కు దర్వాజ కాడ ఉన్న. మంట నడుమల ఉన్నది. నేను బయటికి ఉరికిన."

చెల్లె అడిగింది, గొంతు తగ్గించి. "ఇప్పుడు గూడ ఇనబడుతదా, లూంలు ఆగినప్పుడు?"

"ఇనబడది."

"మరి?"

"ఇనబడతదేమో అని ఉంటది. గట్ల కూసుంట. చెవులు గటే ఉంటయి. గంతే. లూంలు నడుస్తుంటే ఎవ్వనిదీ ఇనబడది గద. పాణం నిమ్మలంగ ఉంటది."

"గందుకేనా తలుపు?"

తలూపాడు.

బయటికి వచ్చాక చెల్లె మారిపోతుందనుకున్నాను. అతను ఆటో మాట్లాడటానికి ముందుకు పోగానే నా పక్కకు వచ్చింది.

"ఏడాది సంది కట్టుకున్నదానికి చెప్పలే. డాక్టరమ్మకు గంటల చెప్పిండు. గదెట్ల నమ్మాలె అన్నా?"

ఏడుస్తూ నిజం చెప్పినవాళ్లనూ, ఏడుస్తూ అబద్ధం చెప్పినవాళ్లనూ చూశాను. ఏడుపు ఒకేలా ఉంటుంది. ఇతను అసలు ఏడవనే లేదు. అది అతని పక్షాన సాక్ష్యమో వ్యతిరేకమో నాకు తేలలేదు. తాళం మాట మాత్రం నన్ను వదలలేదు. బయటి నుంచి తాళం ఉన్నట్టు అప్పుడు ఏ వార్తలోనూ చదివిన గుర్తు లేదు. అల్లి చెప్పాడా, లేక మూడో గడి మనిషిని ఎవరూ అడగలేదా?

సెలవు రోజు రానే వచ్చింది. సాయంత్రం బండి. పొద్దున్నే చెల్లె ఫోన్ చేసింది మా ఆవిడకు.

"ఇయ్యాల రొట్టెలు నువ్వే కొట్టుకో వదినా. నేను ఆయన ఎంబడి పోతున్న."

"ఎక్కడికే?"

"ఆ గోడ కాడికి. పోరిని పక్కింట్ల ఉంచిన. పెట్టె సదిరే ఉన్నది. ఏదన్న తేడా కొడితే గట్నుంచి గటే స్టేషన్‌కు పోత."

పగలంతా మా ఇంట్లో ఎవరికీ పని సాగలేదు. మా ఆవిడ కొట్టిన రొట్టెలు మందంగా వచ్చాయి, గిరాకీలు గొణిగారు. వీధి మామూలు సెలవు రోజులాగే ఉంది. మోత లేదు. నేను వరండాలో కూచుని, నా అంతట నేను, చెవులు రిక్కించి చూశాను. ఎక్కడో గిన్నె పడింది, ఎవరో దగ్గారు. ప్రతి చిన్న చప్పుడూ మన కోసమే వచ్చినట్టుంది. కాసేపటికి లేచి టీవీ పెట్టుకున్నాను.

బండి వేళ దాటింది. చెల్లె నుంచి కబురు లేదు. చీకటి పడే ముందు తనే వచ్చింది, తల నిండా నుసి.

"పోయిందా బండి?" అంది మా ఆవిడ.

"పోయే ఉంటది." పీట లాక్కుని కూచుంది. "ఆ చాయ్ ఆమెను అన్నీ అడిగిన. మొగడున్నడు, పెండ్లికెదిగిన కొడుకున్నడు. మంచిదే. గని నోరు బాగ పెద్దది. నన్ను చూసి, నువ్వు గూడ నిద్రకే వచ్చినవా అంటది!"

"ఆయనేం చేసిండు?"

"ఏం చేస్తడు, పన్నడు. చిన్న పోరని లెక్క పన్నడు. పొద్దంత గోడ అదురుతనే ఉన్నది, నాకైతే తలకాయ పలిగిపోయింది. పక్కకే కూసున్న. లేపి బండికి పోత అని చెప్దామనుకున్న. లేపబుద్ధి కాలె."

"నమ్మినవా మరి?" అని నేనడిగాను.

"ఏమో అన్నా." కొంగుతో జుట్టు దులుపుకుంది. "నమ్ముడు నమ్మకపోవుడు తర్వాత. ఇల్లు లేనోని లెక్క బజార్ల పంటుండు, గది మాత్రం చూసిన."

డాక్టరమ్మ దగ్గరికి అతను ఇప్పటికీ పోతున్నాడు. మందులు పెద్దగా లేవు. మాట్లాడిస్తుంది. సెలవు రోజు ఇంట్లో కొంత కొంతగా, వారం వారం ఇంకాస్త ఎక్కువసేపు, ఆ నిశ్శబ్దంలో కూచోమంటుంది. చెల్లె పక్కన కూచుంటుంది. ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. ఒకసారి పోయినప్పుడు ఆమె చేతులు తిప్పుతూ ఏదో సైగ చేస్తుంటే అతను పడీ పడీ నవ్వుతున్నాడు. మేస్త్రీని తిట్టే సైగ అయి ఉంటుంది. తలుపు తెరిచే ఉంది, గాలికి కొట్టుకోకుండా దాని సందులో రొట్టెల పీట అడ్డం పెట్టి ఉంది. ఇప్పటికి మధ్యాహ్నం దాకా ఇంట్లో ఉండగలుగుతున్నాడు. ఆ తర్వాత ఆటో ఎక్కుతాడు. వీధిలో మాత్రం మాట మారలేదు. పెండ్లాన్ని గూడ మలుపుకున్నడంటున్నారు.

మొన్న సెలవు మరునాడు పొద్దున చెల్లె మళ్లీ చొక్కా తెచ్చింది. వెలుతురుకు పట్టి ఒకసారి విదిలించింది.

"ఈపారి నుసి తక్కువున్నదన్నా," అంది.

నేను సంతోషించేలోపు కాలరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.